పందులు చేల్లో పడ్డాయి

స్పృహ తప్పి పడిపోయిన మనిషిని లేపడం నా పని. ముప్పయ్యేళ్ళు అదే చేశాను. పగలు బర్మాలోని పా-ఆన్ ఊళ్ళో బస్సుల అడ్డా వెనక రేకుల షెడ్డులో టైర్లకు పంక్చర్లు వేసేవాణ్ణి. సాయంత్రం అదే షెడ్డులో కుర్రాళ్ళకు లెత్వే నేర్పేవాణ్ణి. తిరునాళ్ళొస్తే రింగు మూలన నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడేవాణ్ణి. నా పేరు తున్. సయా తున్ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. సయా అంటే గురువే గాని, నేను నేర్పిన విద్య తక్కువ, లేపిన మనుషులు ఎక్కువ.

మా లెత్వేలో చేతికి గ్లోవ్స్ ఉండవు. గుడ్డపట్టీ చుట్టుకుని పిడికిలితో, మోచేతితో, మోకాలితో, చివరికి తలతో కూడా కొట్టుకుంటారు. పాయింట్లు వేసే పెద్దమనుషులు ఉండరు. ఐదు రౌండ్లూ ఇద్దరూ నిలబడే ఉంటే ఎవరూ గెలవనట్టు. ఒకడు పడి లేవలేకపోతే, వాడి తరఫున మూలన ఉన్నవాళ్ళు ఆటకు ఒక్కసారి రెండు నిమిషాలు అడగొచ్చు. ఆలోపు వాణ్ణి లేపి నిలబెట్టగలిగితే ఏమీ జరగనట్టే ఆట మళ్ళీ మొదలవుతుంది. ఆ రెండు నిమిషాల మీదే నేను బతికాను. నీళ్ళు కొట్టడం, చెవులు నులమడం, అరికాళ్ళ మీద చరచడం, ముక్కు కింద గోటితో నొక్కడం, ఇవన్నీ నా విద్యలు. నా చేతిలో పడ్డవాడు లేవకుండా ఉండడని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

తూవాను మొదట చూసింది ఫాల్గుణ పున్నమికి, హ్లాయింగ్‌బ్వే అవతల కరెన్ కొండజాతివాళ్ళ ఊళ్ళో, పగోడా తిరునాళ్ళలో. వరికోత అయిపోయిన పొలంలో వెదుళ్ళు పాతి రింగు కట్టారు. నేను నా కుర్రాణ్ణి తీసుకెళ్ళాను. ఎదుటి మూల ఈ తూవా. పద్దెనిమిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఇంకా పెరగడం పూర్తికాని దూడలా ఉన్నాడు. మూలన వాడికి మనిషే లేడు, బకెట్టు మాత్రం ఉంది. రెండో రౌండులో నా కుర్రాడి మోచెయ్యి దవడకు తగిలి తూవా వెల్లకిలా పడ్డాడు. ఎవరో జాలిపడి రెండు నిమిషాలు అడిగారు, మూలకు లాక్కొచ్చి నీళ్ళు గుమ్మరించారు. కదల్లేదు. నేను అప్పటికే నా కుర్రాడి చేతిపట్టీ విప్పుతున్నాను.

అప్పుడు తాళ్ళ కింద నుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. ఆడవాళ్ళు రింగు ఎక్కకూడదు కాబట్టి కింద నిలబడే కేకేసింది.

"ఒరేయ్ తూవా, పందులు చేల్లో పడ్డాయిరా."

వాడు లేచాడు. కళ్ళు పూర్తిగా తెరవకుండానే లేచి నిలబడి, కర్ర కోసం పక్కకు చెయ్యి చాచాడు. కర్ర లేదు, ఎదురుగా నా కుర్రాడున్నాడు. నాలుగో రౌండులో నా కుర్రాడు పడ్డాడు. వాణ్ణి నేను లేపలేకపోయాను.

ఆవిడ తూవా తల్లి. వాళ్ళది కొండవాలు మీద చేను. తండ్రి అడవిలో మందుపాతర మీద కాలుపెట్టి పోయాడు. ఏడేళ్ళప్పటి నుంచి చేలో మంచె మీద పడుకుని అడవిపందుల కాపలా కాసింది వీడే. తెల్లవారకముందు తల్లి ఆ కేక వేస్తే, నిద్రలోనే కర్రతో రేకు డబ్బా వాయిస్తూ పరిగెత్తేవాడట.

"ఎంత మొద్దు నిద్రలో ఉన్నా ఆ మాటకు లేస్తాడయ్యా," అంది ఆవిడ నాతో. "తిండికి పిలిస్తే మాత్రం లేవడు."

తూవా ఆ వారమే నా షెడ్డుకు వచ్చాడు. నేను రమ్మన్నది వాడి పిడికిలి చూసి కాదు. ఆ మాట చూసి. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మంచి ఆటగాడే. అబద్ధమెందుకు, గొప్పవాడు మాత్రం కాదు. గొప్పవాళ్ళు పడరు. తూవా పడేవాడు, లేచేవాడు, లేచి గెలిచేవాడు. జనానికి ఇంకేం కావాలి. రెండేళ్ళు తిరిగేసరికి పోస్టర్ల మీద వాడి పేరు ముందు 'లేచే' అని వేయడం మొదలుపెట్టారు. లేచే తూవా. వాడు పడగానే ఆటంతసేపూ మోగే సన్నాయి ఆగేది, డోలు ఆగేది, జనమంతా గుక్క బిగబట్టి నా వంక చూసేవాళ్ళు. నేను వంగి వాడి చెవిలో ఆ మాట అనేవాణ్ణి. వాడు లేచేసరికి పొలం మొత్తం ఊగిపోయేది. ఆ క్షణంలో చప్పట్లు సగం నాకేనని నాకు తెలుసు. గర్వపడ్డాను. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

వాడి తల్లి మలేరియాతో పోయాక ఆ మాట అనడానికి లోకంలో నేనొక్కణ్ణే మిగిలాను.

తూవా పోసేను పెళ్ళి చేసుకున్నది ఆ తర్వాతే. మగ్గం మీద లుంగీలు నేసేది. నోరు మగ్గం కంటే చురుకు. మొదటిసారి మా షెడ్డుకు వచ్చినప్పుడు నన్ను ఎగాదిగా చూసి, "పంక్చర్లు వేసేది మీరేనా? మా ఆయనకు ఎన్ని వేశారు ఇప్పటిదాకా?" అంది. అందరం పడీపడీ నవ్వాం. తూవా అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

"అయిదు," అన్నాను నేను.

"అయిదు పంక్చర్లైతే టైరు మారుస్తారు కదా సయా."

ఆమెకు తెలిసినంత నాకు తెలియలేదు. ఇంట్లో ఉండేది ఆమె. మూడోసారి లేపాక వాడు పెంపుడు కుక్క పేరు మరిచిపోయాడట. అయిదోసారికి, వేసుకున్న చెప్పుల కోసం ఇల్లంతా వెతికాడట. వెదురుకొమ్ముల పులుసు పెడితే, తిన్న పావుగంటకు మళ్ళీ కూర్చుని "ఇవాళ ఏం వండావ్?" అన్నాడట. నాతో ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆమె గొంతు తగ్గించేది, పక్కన వాడు వింటాడని.

"మీరు లేపుతారు, జనం చప్పట్లు కొడతారు," అంది ఒకరోజు. "లేచిన మనిషి మొత్తం ఇంటికి రావట్లేదు సయా. కొంచెం కొంచెం అక్కడే ఉండిపోతున్నాడు. మిగిలినదైనా నాకు ఉంచండి."

నేను ఇంకో కిళ్ళీ బుగ్గన పెట్టుకున్నాను.

ఆ ఏడే పెద్దపట్నం యాంగోన్ నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. అక్కడ ఇనపవల పంజరంలో కొత్త ఆట మొదలైందని, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారని, కొట్టడంతోపాటు పడేసి మెడ పట్టడం, చెయ్యి మెలిపెట్టడం కూడా ఉంటాయని, చేతికి చిన్న గ్లోవ్స్ ఇస్తారని చెప్పారు. తూవాకు ఇష్టమే. నాకే నచ్చలేదు. మగాళ్ళు నేల మీద దొర్లుకుంటూ కౌగిలించుకోవడం ఏం ఆటని విసుక్కున్నాను. పోసే మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అక్కడ పడితే ఏం చేస్తారు?"

"పడితే ఆట అయిపోయినట్టేనమ్మా. రిఫరీ ఆపేస్తాడు. డాక్టరు చూస్తాడు."

"రెండు నిమిషాలు ఇవ్వరా?"

"ఒక్క క్షణం కూడా ఇవ్వరు."

"అయితే పంపిస్తాను," అంది. ఆ సాయంత్రం మాకందరికీ కోడి కోసి వండింది. పడిన మనిషిని పడుకోనిచ్చే చోటు ఒకటి దొరికిందని ఆమె సంతోషం. దాన్ని బట్టి చూస్తే మా రింగు ఎంత పాపిష్టిదో అప్పుడే నాకు అర్థం కావలసింది.

యాంగోన్‌లో వాడు నిజంగా బాగుపడ్డాడు. ఎనిమిది నెలలు తలకు దెబ్బ తగలనివ్వకుండా కుస్తీ నేర్పారు. బస్తాలు మోసిన నడుం కదా, ఎదుటివాణ్ణి ఎత్తి పడేయడం తొందరగానే పట్టుబడింది. మొదటి ఆటలో మెడపట్టుతో గెలిచాడు. రెండో ఆటలో చెయ్యి మెలిపెట్టి గెలిచాడు. రెండింటిలోనూ ఒక్కసారి కూడా పడలేదు. కుక్క పేరు మళ్ళీ గుర్తొచ్చిందని పోసే ఫోనులో చెప్పింది. ఆమె నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

మూడో ఆట పెద్ద హాల్లో. మూలన నిలబడటానికి నన్నూ పిలిపించాడు తూవా. "మా సయా లేకపోతే నాకు చేతులాడవు," అన్నాడట. అక్కడి కుస్తీ మాస్టరు ఆటకు ముందు నన్ను కూర్చోబెట్టి రూల్సన్నీ చెప్పాడు. తల ఊపాను. అర్థమైందని అన్నాను. అర్థమైంది కూడా. కాని ఇరవైఆరేళ్ళ అలవాటుకు చెవులుండవు.

రెండో రౌండులో, ఎదురుగా ఆడుతున్న ఫిలిప్పీన్స్ వాడి కాలు తూవా చెవి పక్కన తగిలింది. తెగిన గోతాంలా కూలాడు. రిఫరీ మీదపడి అడ్డుకుని చేతులు ఊపాడు. డాక్టరు కోసం పంజరం తలుపు తెరిచారు. హాలంతా హోరు. ఆ హోరులో నాకు ఒక్కటే తెలిసింది: నావాడు పడ్డాడు, గడియారం నడుస్తోంది. బకెట్టు పట్టుకుని డాక్టరు వెనకే దూరాను. ఆయన ఒక పక్క మోకాళ్ళ మీద కూర్చుని వాడి కళ్ళలోకి టార్చి వేస్తున్నాడు. నేను రెండో పక్క వంగి చెవి పట్టుకుని అరిచాను.

"తూవా, పందులు చేల్లో పడ్డాయిరా."

డాక్టర్ని తోసేసి లేచాడు. గెలిచినవాడు భుజాల మీద జెండా కప్పుకుని, మాకు వీపు పెట్టి, మైకులో ఏదో చెబుతున్నాడు. తూవా నాలుగు అంగల్లో వెళ్ళి వాడి మెడ వెనక తలతో గుద్దాడు. ఆ పిల్లాడు మైకు మీద బోర్లాపడ్డాడు. మైకులోంచి ఆ చప్పుడు హాలంతటికీ వినబడింది.

జనం ఒక్కసారిగా నోరు మూశారు. తూవా చేతులు పైకెత్తి నా వంక చూశాడు. ఏ చప్పట్లూ రాకపోయేసరికి ఏమైందన్నట్టు కళ్ళు చిట్లించాడు. నా చేతిలో బకెట్టు అలాగే ఉంది.

పంజరంలోకి మళ్ళీ అడుగుపెట్టకుండా వాడికి జీవితకాలం నిషేధం వేశారు. నాకూ వేశారు. ఫిలిప్పీన్స్ అబ్బాయి మూడు నెలలు మెడకు పట్టీ వేసుకుని తిరిగాడట. పా-ఆన్ బస్సులో తూవా దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ, "నేను గెలిచాను కదా సయా, మరెందుకు చప్పట్లు కొట్టలేదు వాళ్ళు?" అని అడుగుతూనే ఉన్నాడు. తటోన్ దాటేదాకా నిద్రపోయినట్టు నటించాను.

పోసే గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"పడుకోనిచ్చే చోటు ఒక్కటే దొరికింది సయా," అంది. "అక్కడా లేపేశారు."

ఆ తర్వాత నాలుగేళ్ళు మళ్ళీ పొలాల్లోని రింగులే. వాడికి వేరే పని చేతకాదు. చేను ఎప్పుడో బీడుపడింది. జనానికి లేచే తూవా కావాలి. పిలిచేవాళ్ళు కూడా తెలివిమీరిపోయారు. "ఒక్కసారైనా పడమని చెప్పండి సయా, పడకపోతే జనానికి మజా ఉండదు," అని నవ్వుతూ అనేవాళ్ళు. ఆ నవ్వులో నేనూ కలిశాను. యాంగోన్‌లో పోగొట్టినది ఇక్కడ ఎలాగోలా తిరిగి సంపాదించి పెట్టాలని నాకు ఒక పిచ్చి. ఇంకో నాలుగుసార్లు లేపాను. మొత్తం తొమ్మిది, యాంగోన్‌ది కలపకుండా.

తొమ్మిదోసారి తర్వాత వాడి కుడిచెయ్యి వణకడం మొదలైంది. చెంచా నోటిదాకా వచ్చేసరికి సగం పులుసు లుంగీ మీద ఉండేది. పోసేను ఒక్కోసారి అమ్మా అని పిలిచేవాడు. తెల్లవారుజామున ఎవరూ పిలవకుండానే లేచి, డబ్బా పట్టుకుని, లేని చేను వైపు పరిగెత్తేవాడు. ఆమె వెనకాలే పరిగెత్తి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది.

ఆ ఫాల్గుణానికి వాళ్ళ ఊరి తిరునాళ్ళే పిలిచింది. మొదట ఆడిన పొలమే. వద్దని చెప్పాను. ఆడతానని మొండికేశాడు.

"మా ఊళ్ళో నేను ఆడకపోతే ఎలా సయా? అమ్మ చూడటానికొస్తుంది," అన్నాడు.

నేను పోసే ముఖం చూడలేకపోయాను. ఆమె నన్ను మగ్గం పక్కకు పిలిచింది.

"ఆపలేం. నాకొక మాట ఇవ్వండి. పడితే లేపొద్దు. ఆ పందుల మాట మీ నోట రావొద్దు. ఓడిపోనివ్వండి. ఒక్కసారి ఓడిపోతే ఇంకెవరూ పిలవరు. అప్పుడు చేను దున్నుకుందాం. ఇంకా కొంచెం మిగిలాడు సయా, నాకు తెలుసు. నిన్న కుక్కను పేరు పెట్టి పిలిచాడు."

ఆమె చెయ్యి పట్టుకుని మాట ఇచ్చాను. ఇన్నేళ్ళలో ఆమెకు నేను చేసిన మంచి ఇదొక్కటే అవుతుందనుకున్నాను.

మూడో రౌండులో పడ్డాడు. పెద్ద దెబ్బేం కాదు, మామూలు ఎడమ పిడికిలి. అలాంటివి ఒకప్పుడు తుమ్మినట్టు దులిపేసుకునేవాడు. నేను రెండు నిమిషాలు అడగలేదు. లేచే తూవాకు అడగాలా అనుకున్నాడేమో, రిఫరీయే నా వైపు చూసి తల ఊపి గడియారం నొక్కాడు. ఇద్దరు మోసుకొచ్చి నా ఒళ్ళో పడేశారు. సన్నాయి ఆగింది. డోలు ఆగింది. ఊరు ఊరంతా నా నోటి వంక చూస్తోంది.

నోరు గట్టిగా మూసుకున్నాను. నీళ్ళు కూడా కొట్టలేదు. వాడి తల ఒళ్ళో పెట్టుకుని, మోకాలి మీది మట్టి తుడుస్తూ కూర్చున్నాను. "చెప్పండి సయా, పందుల మాట చెప్పండి," అని ఎవరో అరిచారు. తర్వాత అందరూ అరిచారు. ఆ మాట అందరికీ తెలుసని నాకు అప్పుడే తెలిసింది. జనంలో ఒకడు తానే ఆ కేక వేశాడు, పదిమంది అందుకున్నారు. తూవా కదల్లేదు. ఆ మాట నేను అంటేనే లేస్తాడని నాకు లోపల ఎక్కడో పొగరు. రెండు నిమిషాలు అయిపోయాయి. గంట కొట్టారు. ఖాళీ సీసాలు వచ్చి నా వీపుకు తగిలాయి. తాళ్ళ కింద పోసే ఏడుస్తూ నాకు దణ్ణం పెట్టింది.

"ఇంక లేపండి సయా, ఇంటికి వెళ్దాం," అంది.

లేపడం మొదలుపెట్టాను. నీళ్ళు కొట్టాను, చెవులు నులిమాను, అరికాళ్ళ మీద చరిచాను. ముక్కు కింద నొక్కితే గోటి గుర్తు పడింది తప్ప కనురెప్ప కదల్లేదు. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పోసే నా ముఖం చూసి, "అనండి," అంది. వంగి చెవిలో అన్నాను. ఒకసారి, రెండుసార్లు, తర్వాత ఎన్నిసార్లో. చివరికి వాడి పెదవులు కదిలాయి.

"తిననీ సయా," అన్నాడు. "వాటికీ ఆకలేగా."

పా-ఆన్ ఆసుపత్రిలో డాక్టరు, తలలో రక్తం గడ్డకట్టిందని, కింద ఎన్నో పాత దెబ్బలున్నాయని చెప్పాడు. వెంటనే కదిలించి తెచ్చుంటే ఏమైనా తేడా ఉండేదా అని అడిగాను. ఆయన చీటీ రాస్తూ, "ఉండొచ్చు, ఉండకపోవచ్చు," అన్నాడు. లేపి చంపానో, లేపక చంపానో నాకు తెలియదు. రెండూ నా చేతులతోనే చేశాను. తూవా బతికే ఉన్నాడు కదా అని ఎవరైనా అంటే వాళ్ళ మీద నాకు కోపమొస్తుంది.

షెడ్డు ఇచ్చేసి వాళ్ళ ఊరు వచ్చేశాను. పోసే, నేను కలిసి ఆ చేను మళ్ళీ సాగులోకి తెచ్చాం. మంచె పక్కనే గుడిసె వేసి తూవాను అందులో పడుకోబెడతాం. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఆమెను అమ్మా అని కూడా పిలవడు. కుక్క వెళ్ళి చెయ్యి నాకితే చూస్తాడు. అంతే.

పోయిన కోతల ముందు, ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు, నిజంగానే పందులు వచ్చాయి. ఆడపంది, వెనక ఆరు పిల్లలు, పండిన వరిలో పడి దొర్లుతున్నాయి. మంచె మీద కాపలా నాది. డబ్బా చేతికి అందకముందే నా నోరు దానంతటదే అరిచేసింది.

"తూవా, పందులు చేల్లో పడ్డాయిరా."

పోసే గుడిసెలోంచి పరిగెత్తుకొచ్చి ఆగిపోయింది. ఇద్దరం గుడిసె వైపు చూశాం. లోపలి నుంచి ఆ గొంతు నెమ్మదిగా, మర్యాదగా వచ్చింది.

"తిననీ సయా."

పోసే నా చేతిలోంచి డబ్బా లాక్కుని, వాయించుకుంటూ చేల్లోకి దిగింది.